నీలిమెట్ట ఫైరింజను

"స్వామీ, ఒకరి కోసం అడుగుతున్నామో, మన కోసమే అడుగుతున్నామో తెలిసేదెట్లా?"

వామనమూర్తి ఈ మాట అడిగిన రోజు మేమంతా ఆశ్రమం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఆశ్రమం తరఫున విరాళాలకు తిరిగే పని అతనిది. పేదలకు కంటి ఆసుపత్రి కట్టించమని ఒక పెద్దమనిషి చుట్టూ ఏడాదిపాటు తిరిగాడు. చివరికి ఆయన ఆ సాయం పక్క జిల్లాలో మరొకరు కడుతున్న ఆసుపత్రికి చేశాడు.

"అక్కడైనా చూపు వచ్చేది పేదవాళ్ళకే. ఆ సంగతి తెలిసీ నాకు అన్నం సయించడం లేదు. మరి ఇన్నాళ్ళూ నేను అడిగింది ఎవరి కోసం?" అన్నాడు వామనమూర్తి.

మా ఆశ్రమం పెద్ద సదాశివులవారు ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే మనిషి కారు. చేతులు తుడుచుకుని, తాము ఎరిగిన ఒకాయన సంగతి చెప్పారు.

కొండల అంచున నీలిమెట్ట అనే ఊళ్ళో చిన్న అగ్నిమాపక కేంద్రం ఉంది. దానికి లక్ష్మున్నాయుడు అధికారి. ఉన్నది ఒకే ఫైరింజను, అదీ బాగా పాతది. మైదానంలో ఎలాగో పరిగెత్తేది గానీ, నీళ్ళు నింపుకుని ఘాటీ అనే నిటారు కొండదారి ఎక్కమంటే మూలుగుతూ ఆగిపోయేది. ఒక వేసవిలో కొండమీది గూడెంలో పూరిళ్ళు అంటుకున్నాయి. బండి సగం ఎక్కి మొరాయించింది. లక్ష్మున్నాయుడూ అతని మనుషులూ దాన్ని అక్కడే వదిలి, బకెట్లు పట్టుకుని పరుగున పైకి వెళ్ళారు. వాళ్ళు చేరేసరికి గూడెంలో గోడలే మిగిలాయి.

కాలిపోయిన ఇంటి ముందు నిలబడిన ఒక ముసలమ్మ వాళ్ళను చూసి కోప్పడలేదు. ఎక్కణ్ణించో ముంతతో నీళ్ళు తెచ్చి లక్ష్మున్నాయుడి చేతిలో పెట్టింది.

"రొప్పుతున్నావు నాయనా. కూకో, తాగు," అంది.

నీళ్ళు పట్టుకుని రావలసినవాడు ఆమె ఇచ్చిన నీళ్ళు తాగాడు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. కొత్త ఫైరింజను తెచ్చి తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

అడగని చోటు లేదు. పై ఆఫీసులో జిల్లా కేంద్రానికి వెళ్ళమన్నారు, జిల్లా కేంద్రంలో రాజధానికి రాయమన్నారు. ఒక నాయకుడు భుజం తట్టి పంపించాడు. సెలవు పెట్టుకుని మరీ తిరిగాడు. చివరికి పట్నంలో ఒక ధర్మసంస్థ ఉందనీ, పల్లెల మేలు కోసం ఏటా ఏదో ఒక పెద్ద పనికి గ్రాంటు ఇస్తుందనీ తెలిసింది. అర్జీ పెడితే వాళ్ళు పిలిచారు. ఆ కబురు విని కేంద్రంలో అందరూ పండుగ చేసుకున్నారు. డ్రైవరు అప్పలస్వామి కొత్త బండి నిలపడానికి షెడ్డులో చోటు కూడా చదును చేశాడు.

ధర్మసంస్థ వరండాలో లక్ష్మున్నాయుడి పక్కన ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. పేరు జన్ని భీమారావు. కొండకు అవతలి వైపున ఉన్న వాగుపాడు కేంద్రానికి అధికారి. ఆయన వచ్చిందీ ఫైరింజను కోసమే. ఈ ఏడు ఇచ్చేది ఒక్కటే.

"మీకు పాతదైనా ఒకటుంది నాయుడుగారూ," అన్నాడు భీమారావు నవ్వుతూ. "మా బండిని పనికిరాదని తీసుకుపోయారు. మంటలంటే మేం ట్రాక్టరు అద్దెకు మాట్లాడుకుని, దాని మీద పంపు కట్టుకుని వెళుతున్నాం. ట్రాక్టరు దుక్కిలో ఉంటే అదీ లేదు."

మాటల్లో మాటగా దారుల సంగతి వచ్చింది. వాగుపాడు నుంచి కొండగూడేలకు ఘాటీ లేదు. వాలుగా, మెల్లగా ఎక్కే మట్టిరోడ్డు ఉంది. లక్ష్మున్నాయుడికి ఆ రోడ్డు తెలియక కాదు. గూడేలు తన పరిధిలోవి గనుక బండి తన కేంద్రానికే రావాలనుకున్నాడు. ఆ రోడ్డు వైపు అతని ఆలోచన ఎన్నడూ పోలేదు.

ముందు అతన్నే లోపలికి పిలిచారు. సంస్థను నడిపే హైమవతిగారు మర్యాదగా కూర్చోబెట్టి అడిగారు.

"చెప్పండి నాయుడుగారూ. ఈ బండి మీకే ఎందుకు ఇవ్వాలి?"

దారి పొడుగునా ఆ ప్రశ్నకు జవాబు వల్లె వేసుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిచాక దాన్ని పక్కన పెట్టి, ఇలా అన్నాడు: "నాకు కాదమ్మా. బయట కూర్చున్నాయనకు ఇవ్వండి. నా బండి కొత్తదైనా ఘాటీ ఎక్కాలి. ఆయన బండి గూడేలవాళ్ళ ఇళ్ళ దాకా తిన్నగా పోతుంది."

ఇక్కడ వామనమూర్తి ఆగలేకపోయాడు. "ఆయనకు బాధ కలగలేదా స్వామీ?"

"ఎందుకు కలగలేదు? బాగా కలిగింది," అన్నారు సదాశివులవారు, మళ్ళీ కథ అందుకున్నారు.

తిరిగి వచ్చాక అప్పలస్వామి మొహం మీదే అడిగాడు. "ఇన్నాళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది ఎవులకోసం బాబూ? మనకోసం కాదేటి?" కొన్నాళ్ళకు కొత్త బండి ఎర్రగా మెరుస్తూ నీలిమెట్ట మీదుగానే వాగుపాడుకు వెళ్ళింది. దాన్ని చూడలేక లక్ష్మున్నాయుడు షెడ్డులోకి వెళ్ళి, పాత బండిని తానే కడుగుతూ చాలాసేపు ఉండిపోయాడు.

మరుసటి వేసవిలో కొండమీద ఇంకో గూడెం అంటుకుంది. రెండు కేంద్రాలకూ కబురు అందింది. నీలిమెట్ట బండి యథాప్రకారం ఘాటీలో మూలిగింది, తోసుకుంటూ ఎక్కించారు. వీళ్ళు వెళ్ళేసరికి మంటలు ఆరిపోయాయి. ఒక కొసన రెండు పాకలు కాలాయి, మిగతా ఇళ్ళన్నీ నిలిచి ఉన్నాయి. ఆడవాళ్ళు బయట పడేసిన సామాను లోపలికి సర్దుకుంటున్నారు. ఒక ఇంటి చూరు కింద అప్పుడే పొయ్యి కూడా వెలిగింది. భీమారావు మనుషులు తడిసిన గొట్టాలు చుడుతున్నారు.

అప్పలస్వామి చాలాసేపు ఆ ఇళ్ళ వరుసను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పోయి, గొట్టం రెండో కొస అందుకున్నాడు.

సదాశివులవారు అంతటితో ఆపి, మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకున్నారు. మేమూ గింజలు తీయడంలో పడ్డాం. వామనమూర్తి మాత్రం ఊరుకోలేదు.

"మరి నీలిమెట్టకు కొత్త బండి వచ్చిందా స్వామీ?"

"ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాడు," అన్నారాయన. "కాకపోతే ఇప్పుడు అడగడానికి భీమారావు కూడా వెంట వెళుతున్నాడు."