అక్క చేతి ముద్ద

అనగనగనగా, గాలి ఎటు తోస్తే ఓడలు అటు పోయే కాలంలో, సముద్రపు ఒడ్డున ఒక పట్టణం. అందులో కామిశెట్టి అనే మిరియాల వర్తకుడు. వీధిలో నడిస్తే ముందు బొజ్జ వచ్చేది, ఆ వెనక శెట్టి వచ్చేవాడు.

పుట్టుకతోనే లావు కాదు పాపం. తల్లి పోయాక అక్క నాగసానమ్మే అతన్ని చంకనేసుకుని పెంచింది. ఆమెను గద్దకొండ మీది పల్లెకు ఇచ్చారు. ఆమె వెళ్ళిన నాటినుంచి శెట్టికి ఇల్లు బోసిపోయింది. అక్క గుర్తొస్తే సున్నుండ. మళ్ళీ గుర్తొస్తే మరో రెండు.

కార్తీక విదియనాడు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళ చేతి అన్నం తినడం అన్నదమ్ములకు ఆచారం. గద్దకొండ పల్లెకు ఒకటే దారి. పల్లె మొదట్లో, రెండు బండల మధ్య పిల్లిసందు. ఒక ఏడు శెట్టి అందులో దూరబోయి ఇరుక్కున్నాడు. నలుగురు పట్టి వెనక్కి లాగారు.

అవతల అక్క కుంటుకుంటూ వచ్చి నిలబడింది. మోకాలు విరిగినందున ఆ సందు దాటడం, కొండ దిగడం ఆమె వల్ల కాదు.

"ఒరే కామీ! వచ్చావుట్రా?"

"వచ్చానక్కా. రాలేకపోతున్నాను."

గొంతు వినపడింది గాని, సందు వంకరలో ముఖం కనపడలేదు. శెట్టి కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

అప్పుడే చీనా ఓడ దిగి ఒక ముసలి వైద్యుడు వచ్చాడు. వెంట్రుకంత సన్నని సూదులతో వైద్యం చేస్తాడు. ఊరంతా అతన్ని సూదుల తాత అంది.

"తాతా, నేను ఆ పిల్లిసందులో పట్టేలా చెయ్యి," అన్నాడు శెట్టి.

"నా సూది కొవ్వును కరిగించదు నాయనా. ఆకలిని కాస్త నెమ్మది పరుస్తుంది. తక్కిన పని నీది," అన్నాడు తాత.

శెట్టి ఆ మాట ఒక చెవితో విని, రెండో చెవితో వదిలేశాడు. వారం వారం చెవికి, ముంజేతికి, మోకాలికి సూదులు గుచ్చించుకున్నాడు. సూదులు ఉన్నాయి కదా, ఇక తింటేనేం అనుకుని అరిసెల బుట్ట దగ్గరకు లాక్కున్నాడు.

మళ్ళీ విదియ వచ్చింది. మళ్ళీ పిల్లిసందు. ఈసారి అక్క పప్పన్నం కలిపి, ముద్ద పట్టుకుని ఇవతలికి చెయ్యి చాచింది. శెట్టీ చాచాడు. రెండు చేతులకూ నడుమ జానెడు ఎడం మిగిలింది. ముద్ద జారి బండల నడుమ పడింది. చీమలు చేరాయి.

"ఏడవకురా, వచ్చే ఏటికి తిందువుగాని," అంది అక్క. ఆ మాట అంటూ ఆమే ఏడ్చింది.

శెట్టి నేరుగా తాత దగ్గరకు వెళ్ళాడు. సూదులను తిట్టలేదు. నిజం చెప్పాడు.

"తాతా, సూది గుచ్చినప్పుడల్లా కడుపు ఆకలి తగ్గింది. అయినా తిన్నాను."

"ఎందుకు తిన్నావు?"

"అక్క గుర్తొచ్చి."

"అక్క గుర్తొస్తే అక్క వైపు నడవాలి గాని, వంటింటి వైపు నడుస్తారా నాయనా?"

ఆ రోజునుంచి తాత సూదులు మానలేదు, శెట్టి నడక మానలేదు. సున్నుండ మీద మనసు పోగానే, సూది గుచ్చిన చెవి తడుముకుని, "కడుపు అడుగుతోందా, అక్క గుర్తొచ్చిందా?" అనుకునేవాడు. కడుపైతే పట్టెడన్నం తినేవాడు. అక్క అయితే చెప్పులు తొడుక్కుని గద్దకొండ మొదలుదాకా వెళ్ళి, పైకి చూసి వచ్చేవాడు. ఒక్కోరోజు మూడుసార్లు వెళ్ళేవాడు. అంత గుర్తొచ్చేది.

మూడో విదియనాడు శెట్టి ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, పిల్లిసందులో అడుగు పెట్టాడు. భుజం గీసుకుంది. బొజ్జ గీసుకుంది. అవతలికి వచ్చి పడ్డాడు.

అక్క జుట్టు నెరిసిపోయి ఉంది. శెట్టి ఆ తల నిమురుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎంత చిక్కిపోయావురా కామీ!" అంటూ ఆమె ఇంటికి తీసుకెళ్ళి ముద్దలు కలిపి పెట్టింది. ఒకటి తిన్నాడు. రెండు తిన్నాడు. మూడు తిన్నాడు.

"ఇంకొక్క ముద్దరా."

"చాలక్కా. నిండింది," అన్నాడు శెట్టి. అక్క వెళ్ళిన నాటినుంచి ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

మనసు ఆకలి తిండితో తీరదు. సూది సాయపడుతుంది గాని, నడవాల్సింది మన కాళ్ళే.