వైద్యుడి తొలిగుక్క

చిత్రగిరి రాజు ఉద్దండ భూపతికి ఒక పొద్దున నడికట్టు పట్టలేదు. సేవకులిద్దరు చెరోవైపు పట్టి లాగారు. కట్టు తెగింది. తప్పంతా కట్టుదేనని కొలువు మొత్తం ఒక్క గొంతుతో తేల్చేసింది కానీ, రాజుగారికి ఎందుకో అనుమానం వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆస్థాన వైద్యుడు మార్తాండశర్మ నోరు విప్పాడు. ఆయన నోరు విప్పాడంటే ఎవరో ఒకరికి ఉపవాసం తప్పదు.

"ప్రభూ, దోషం వంటింటిది. నిప్పు తగిలిన తిండి దేహానికి మురికి. ఇవాళ్టినుంచి చెట్టున పండిన పళ్లు, అవీ రోట్లో మెత్తగా రుబ్బినవి మాత్రమే పుచ్చుకోండి. ఇదే శుద్ధాహారం."

రాజుగారికి ఏదైనా పూనితే అందరికీ పూనాల్సిందే. కోటలోనూ, కొలువువాళ్ల ఇళ్లలోనూ పొయ్యి వెలిగించరాదని చాటింపు వేయించాడు.

మొదట్లో బాగానే ఉంది, అబద్ధమెందుకు. అరటిపండు, జామపండు, తేనె, ఆవుపాలు కలిపిన చిక్కటి పళ్లరుబ్బు ఎవరికి చేదు? తర్వాత శర్మ తేనె మానిపించాడు. పాలు మానిపించాడు. వెలగపండులో నేరేడు కలిపి, ఆరోగ్యమన్నాడు. సేనాపతికి కత్తి బరువైపోయింది. మంత్రి సలహా చెబుతూ చెబుతూ మధ్యలో నిద్రపోయేవాడు. దానివల్ల రాజ్యానికి కొంత మేలే జరిగిందనేవాళ్లూ ఉన్నారు.

ఒకరోజు రాజుగారే మొహం చిట్లించాడు. "శర్మగారూ, నోరు వంకర పోతోందయ్యా!"

"అది తమ నాలుక మీద ఇంకా మిగిలిన మురికి ప్రభూ. దేహం శుద్ధమైనవాడికి పులుపూ, వగరూ, కారమూ అన్నీ అమృతమే. నన్ను చూడండి! మా ఇంట పొయ్యిలో పిల్లి లేవడం లేదు, ఒట్టు!"

అందరూ చూశారు. శర్మ బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. రాజుగారు సిగ్గుపడిపోయి, ఆ సిగ్గులో ఇంకో ఆజ్ఞ పారేశాడు. పున్నమినాడు వంటశాలలో పొయ్యిలన్నీ పడగొట్టి, అక్కడ జామమొక్కలు నాటాలట. వంట మంగాయమ్మకు ఇక సెలవట.

మంగాయమ్మకు ఆ పొయ్యిలే ఇల్లు, ఆ పొయ్యిలే దిక్కు. ఏడుస్తూ పేరయ్య దగ్గరికి వచ్చింది. పేరయ్య రాజుగారి తాంబూలపు పెట్టె మోసేవాడు. పెట్టెలో ఆకులకన్నా వాడి బుర్రలో ఉపాయాలు ఎక్కువ.

"ఈ వయసులో నన్నెక్కడికి పొమ్మంటార్రా? ఏదో ఒకటి చెయ్యరా నాయనా!"

"ఏడవకు పిన్నీ. నా కడుపులోనూ ఎలుకలు పరిగెడుతున్నాయి. ఒక్కటి విను. భోజనాలు పోయాక కొలువులో తాంబూలం అడిగే నాథుడే లేడు. శర్మగారొక్కరే రోజూ మధ్యాహ్నం వచ్చి, లవంగం దండిగా వేసి కట్టమంటారు. పళ్లరసం అరగడానికి లవంగమెందుకు?"

"దొంగ సచ్చినోడు! దొడ్డిదారిన మేస్తున్నాడన్నమాట! రాజుగారికి చెప్పు!"

"నేను చెబితే నమ్ముతారా? ఆయన నోటితోనే చెప్పిద్దాం. నీ పెద్ద రోలు కడిగిపెట్టు."

పున్నమి వచ్చింది. పనివాళ్లు గునపాలతో వంటశాల ముందు నిలబడ్డారు. మంగాయమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కొలువులోకి పేరయ్య వెండి లోటాతో వచ్చాడు. లోపల ఎర్రటి ఎరుపు.

"ప్రభూ, ఈ శుభవేళ కొత్త పళ్లరుబ్బు చేయించాను. చెట్టున పండినవే. రోట్లో రుబ్బినవే. నిప్పు సోకలేదు."

"అబ్బ, ఏం రంగురా!" రాజుగారు చెయ్యి చాచాడు.

"తొలిగుక్క వైద్యులవారిది ప్రభూ."

అది చిత్రగిరి ఆనవాయితీ. రాజుగారి తాత ఒక లేహ్యం తిని మంచం పట్టిన నాటినుంచి, రాజు మింగే పథ్యమేదైనా ముందు వైద్యుడు మింగాల్సిందే.

శర్మ దర్జాగా లోటా అందుకుని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒరే! ఇది పండుమిరపకాయ!"

"అవును స్వామీ, చెట్టునే పండింది. చింతపండు కూడా పడింది."

"దీన్ని ఎవడు తాగుతాడ్రా?"

"దేహం శుద్ధమైనవాడు తాగుతాడు స్వామీ. ఆయనకు పులుపూ కారమూ అమృతమేనని తమరే సెలవిచ్చారు."

రాజుగారు సింహాసనం అంచుకు జరిగాడు. "తాగండి శర్మగారూ. లేకపోతే మురికి తమలోనే ఉందనుకోవాలి."

శర్మ కళ్లు మూసుకుని గుక్క మింగాడు. తర్వాత ఆయన చేసిన నాట్యం ఆస్థాన నర్తకికి కూడా చేతకాదు. నీళ్లు తాగితే మంట ఇంకా ఎగదన్నింది.

"పెరుగన్నం! ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టండ్రా! చచ్చిపోతున్నా!"

"అయ్యో, అన్నం ఎక్కణ్ణించి తెచ్చేది స్వామీ? కొలువులో ఎవరింటా పొయ్యి వెలగదే!" అన్నాడు పేరయ్య దిగులుగా.

"మా ఇంట్లో ఉందిరా! వెనకగదిలో ఉట్టి మీద! మా ఆవిణ్ణి అడుగు! పక్కన గారెల బుట్ట ఉంటుంది, దాన్ని కదపకు..."

శర్మ ఆగిపోయాడు.

"గారెలా?" అన్నాడు రాజుగారు మెల్లగా, గుటక మింగుతూ.

చిత్రగిరి భటులు ఏ యుద్ధంలోనూ అంత వేగంగా పరిగెత్తలేదు. ఉట్టి ఉట్టిగానే కొలువులోకి వచ్చింది. రాజుగారు పెరుగన్నం శర్మ ముందుకు తోసి, గారెల బుట్ట తన ఒళ్లో పెట్టుకున్నాడు. బుట్ట అడుగు కనిపించాకే మళ్లీ మాట్లాడాడు.

"మంగాయమ్మా, పొయ్యి వెలిగించు! ఆ గునపాలవాళ్లకి కూడా విస్తళ్లు వెయ్యి. పళ్లరుబ్బు భోజనమయ్యాక తాగుదాం, తేనె వేసి. శర్మగారికి మాత్రం లోటాలో మిగిలిందే పథ్యం."

ఆ మాట చెవిన పడగానే వంటశాల గుమ్మంలో ఉన్న మంగాయమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, నవ్వుతూ లోపలికి పరిగెత్తింది. రాజుగారు మెడలోని హారం తీసి పేరయ్య మెడలో వేశాడు. "ఇంకేం కావాల్రా?"

పేరయ్య వంగి దణ్ణం పెట్టి, ఎన్నాళ్లుగానో రాజుగారి చెయ్యి సోకని పెట్టె మూత తీశాడు.

"గారెలు దండిగా తిన్నారు ప్రభూ. శర్మగారికి రోజూ మధ్యాహ్నం కట్టినట్టే తమకూ లవంగం దండిగా వెయ్యమంటారా?"

కొలువంతా గొల్లుమంది. శర్మ పెరుగన్నంలోంచి తల ఎత్తలేదు.