మరిచిపోవడానికి మూడు రోజులు

పిల్లలూ, కొల్లేటి పక్క ఊళ్ళన్నిట్లోకీ తెలివైన ఇల్లు ఏదంటే మాదే. నేను చెప్పడం కాదు, మా మరిది నాంచారయ్య చెప్పాడు. ఆయన తెలివైనవాడని నేను చెప్పాను. ఆయన భార్య తిరుపతమ్మ ఇద్దరి మాటా ఒప్పుకుంది. ఇంకేం కావాలి?

చేపల రైతులకు పాఠాలు చెప్పేవాళ్ళు కావాలని, మత్స్యశాఖవాళ్ళు ముందు మా ముగ్గురికీ నేర్పారు. అంటే మేం నేర్చుకునేవాళ్ళం కాదు, నేర్పడం నేర్చుకున్నవాళ్ళం. అర్థమైందా? మాకు అర్థం కావడానికి వారం పట్టింది. మా చెరువు గట్టు మీది రేకుల షెడ్డే శిక్షణ కేంద్రం. బడి నుంచి రిటైరయ్యాక నాకు మళ్ళీ నల్లబల్ల దొరికింది అక్కడే.

ఓ రోజు మాకు నేర్పిన ఝాన్సీ మేడం వచ్చింది. "శిక్షణ వల్ల ఏం మారిందో కొలిచి పెట్టండి. ముందు ఎంత, తరవాత ఎంత, తేడా కనబడాలి. నాలుగో రోజు వస్తాను. తేడా లేకపోతే కేంద్రం పక్కూరికి మార్చేస్తారు" అని చెప్పి వెళ్ళింది.

నల్లబల్ల పోతే ఇక నేను పాఠం చెప్పాల్సింది కోళ్ళకే. అవి నన్ను చూస్తేనే పరిగెడతాయి.

"భయమెందుకు వదినా! చేప ఎదిగిందో లేదో ఎలా కొలుస్తాం? వల విసిరి, పట్టి, తూకం వేస్తాం. మనం చేపల పంతుళ్ళం. మనల్నీ అలాగే కొలవాలి" అన్నాడు నాంచారయ్య.

అంతే, తిరుపతమ్మ మొగుడి మీద వల విసిరింది. కాటాకి వేలాడదీశాం. అరవై రెండు కిలోలు.

"తూచిన చేపని వెంటనే నీళ్ళలో వదలాలని మేడం చెప్పింది కదక్కా!" అంది తిరుపతమ్మ.

నిజమే, పాఠం పాఠమే. ఇద్దరం కలిసి ఆయన్ని చెరువులో వదిలాం. ఈత రాదన్న సంగతి నీళ్ళలో పడ్డాక చెప్పాడు. వల తాడు మా చేతిలోనే ఉంది కాబట్టి సరిపోయింది.

గట్టెక్కి నీళ్ళు కక్కుతూ, "వదినా, ఇది తరవాతి తూకం. మరి ముందుది?" అన్నాడు.

శిక్షణకు ముందు ఎవరూ తూచలేదే! నేను సుద్దముక్క పట్టుకుని బాగా ఆలోచించాను. "నేర్చుకున్నదంతా మరిచిపోతే మళ్ళీ ముందులాగే అవుతాం. అప్పుడు తూచుకుందాం."

"అబ్బ, ఏం బుర్ర వదినా!"

ఇంకేముంది, మూడు రోజులు పనులన్నీ మానేసి మరిచిపోతూ కూచున్నాం. మేత ఎంత వేయాలో మరిచాం. సున్నం ఎప్పుడు చల్లాలో మరిచాం. ఏమేం మరిచామో మరిచిపోకుండా నాంచారయ్య నోటుబుక్కులో రాశాడు. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్ల సంగతి అందరికన్నా ముందు నేనే మరిచాను. చిన్నప్పుడు బడిలోనూ నేను ఫస్టే.

నాలుగో రోజు పొద్దున్నే చూస్తే, వేల చేపలు పైకొచ్చి, నోళ్ళు తెరిచి మావైపే చూస్తున్నాయి.

"అక్కా, పాఠం వినడానికి వచ్చాయే!" అంటూ తిరుపతమ్మ కళ్ళు తుడుచుకుంది.

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నా పాఠం నోరు తెరిచి విన్న క్లాసు అదొక్కటే. నల్లబల్ల తెప్పించి రెండో ఎక్కం మొదలుపెట్టాను. సగంలో ఉండగా మేడం జీపు దిగి పరిగెత్తుకొచ్చింది.

"గాలాడక చస్తున్నాయండీ! ఏరియేటర్లు వేయండి! మొదటి పాఠమే అది!"

"మరిచాం మేడం. ఇదుగో, ఒకటో నంబరు" అని నాంచారయ్య బుక్కు చూపించాడు.

మేడమే స్విచ్చి వేసింది. చక్రాలు తిరిగాయి. కాసేపటికి చేపలన్నీ కిందికి దిగిపోయాయి. నా క్లాసు ఖాళీ.

సంగతంతా విని మేడం నెత్తి పట్టుకుని గట్టు మీద కూలబడింది. తరవాత పకపకా నవ్వింది. "ఏం మనుషులండీ బాబూ! పాఠం గుర్తున్నన్నాళ్ళూ చేపలు హాయిగా ఉన్నాయి. మరవగానే తేలిపోయాయి. ఇంతకన్నా పెద్ద తేడా ఏముంది? ఇదే రాస్తాను, కేంద్రం ఇక్కడే ఉంటుంది. రేపు మా పెద్ద ఆఫీసరు వస్తారు. ఆయనకీ ఈ తేడా బాగా చూపించండి."

చూపించాలంటే మళ్ళీ మరవాలి కదా! అదీ ఒక్క రోజులో. ఈసారి ఏ పొరపాటూ జరక్కూడదని, మరవాల్సిన పాఠాలన్నీ ముగ్గురం తలా వందసార్లు రాసి, పైకి చదివి, ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం.

ఏమిటో పిల్లలూ, అప్పటినుంచి ఎంత కష్టపడుతున్నా ఒక్క ముక్కా మరుపుకి రావడం లేదు.