సోమవారం బిగింపు

ఓబులేసుకు నియమాలంటే మహా ఇష్టం. మఠంలో చేరిన కొత్తలో గురువుగారు రోజుకు ఒక పూట భోజనం చాలన్నారు. కొన్నాళ్ళకు ఇతను ఆ పూట అన్నంలోంచి ఉప్పు తీసేశాడు. ఇంకొన్నాళ్ళకు సోమవారాల్లో అన్నమే తీసేశాడు. జపమాల ఒకసారి తిప్పమంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పేవాడు. ఇంత చేసినా మనసు కుదురుకోలేదు సరికదా, కోపం వచ్చి ముక్కుమీద కూచుంది. కాకి అరిచినా కసురుకునేవాడు.

"ఇంకో నియమం ఇవ్వండి సామీ. ఇవి నాకు చాలడం లేదు" అని ఒకరోజు అడిగాడు.

గురువుగారు అరుగుమీద కూచుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. "చూద్దాంలే నాయనా" అన్నారు. గుప్పెడు గింజలు ఇతనివైపు జరిపారు. ఆరోజు ఏకాదశి. ఓబులేసు వాటివైపు చూడనైనా చూడలేదు.

గురువుగారికి దీక్షానామం ఒకటుంది గానీ ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని లారీ సామి అనే పిలుస్తారు. కాషాయం కట్టకముందు ఆయన చాలా ఏళ్ళు లారీ తోలారు. మఠంలోనూ ఒక పాత లారీ ఉంది. దాని వీపున నీళ్ళ ట్యాంకు. ఎండాకాలం వస్తే కొండమీది ఎగువపల్లెలో బావి అడుగంటుతుంది. అప్పుడు మఠం బోరు నీళ్ళు ఈ లారీయే పైకి చేర్చాలి. తోలే పని ఓబులేసుది.

మొదటిసారి బండి అప్పగించేటప్పుడు గురువుగారు ఒకే మాట చెప్పారు. "దిగుడు దారి. బ్రేకులు చూసుకో నాయనా."

ఇంకొకరైతే అప్పుడప్పుడూ చూసుకుని ఊరుకునేవారు. ఓబులేసు దాన్ని వ్రతం చేసి కూచున్నాడు. ప్రతి సోమవారం తలస్నానం చేసి, లారీకి కర్పూరం వెలిగించి, వెనక చక్రాల కిందికి దూరేవాడు. చక్రం వెనక రేకుకు చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి స్క్రూడ్రైవరు పెట్టి లోపలి పళ్ళ చక్రాన్ని ముందుకు తిప్పితే బ్రేకు బిగుస్తుంది. "నమశ్శివాయ" అని ఒక పన్ను తిప్పేవాడు. అవసరం ఉందా లేదా అని చూసేవాడు కాదు. అవసరం చూసుకుని చేస్తే అది భక్తి ఎట్లా అవుతుందని అతని లెక్క.

ఆ వేసవిలో లారీ ఎత్తు ఎక్కడానికి మొరాయించసాగింది. దిగేటప్పుడు వెనకనుంచి మాడు వాసన. చక్రాన్ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే బ్రేకు షూలు అరిగిపోయాయని ఓబులేసు తేల్చేశాడు. టౌనుకు పోయి కొత్తవి తెచ్చాడు. సోమవారం పొద్దున్నే, ట్యాంకు నింపకముందే, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, చక్రం ఊడదీశాడు.

చక్రం వచ్చింది. డ్రమ్ము రాలేదు. డ్రమ్మంటే పెద్ద ఇనప మూకుడు లాంటిది. అది వస్తే గానీ లోపలున్న షూలు చేతికి రావు.

కిరసనాయిలు పోసి చూశాడు. సుత్తితో చుట్టూ కొట్టి చూశాడు. చివరికి సమ్మెట తెచ్చాడు. డ్రమ్మేమో పోత ఇనుము. దెబ్బ అటూ ఇటూ అయితే పగిలిపోతుంది. పగిలితే ఇంకోటి దొరకదు, ఆ రకం బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఆ సంగతి ఓబులేసుకూ తెలుసు. అయినా చెయ్యి ఆగడంలేదు.

అంతలో ఎగువపల్లె నుంచి సుంకులమ్మ కొండ దిగి వచ్చింది. చంకలో ఖాళీ బిందె.

"నీళ్ళు ఎప్పుడొస్తాయప్పా? తొట్టి అడుగు గీకి తాగినాం. మా కోడలు పురిటిమంచం మీదుంది. బిడ్డకు ఇంకా నీళ్ళు పోయలేదు."

"కనపడ్డంలా? బండి చూస్తే ఇట్ల ఉంది" అని కసిరాడు ఓబులేసు.

"కనపడతాంది గాని, దాన్ని అట్ల కొడితే మాకు నీళ్ళొస్తాయా అని."

ఓబులేసు సమ్మెట మళ్ళీ ఎత్తాడు. వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. చూస్తే గురువుగారు. సమ్మెట తీసుకుని కింద పెట్టి, దానిమీద గోనెపట్టా పరిచి, ఆ పట్టామీద కూచున్నారు. ఇక అది కావాలంటే ఆయన్ని లేపాలి.

"హ్యాండ్ బ్రేకు?"

"తీసేసినా సామీ."

గురువుగారు డ్రమ్మును చేత్తో తిప్పారు. గరగరా రాసుకుంటూ తిరిగింది. తర్వాత రెండు చేతులా పట్టుకుని మెల్లగా తనవైపు లాగారు. గోరంత ముందుకొచ్చి టక్కుమని ఆగింది. వెనక్కి తోసి మళ్ళీ లాగారు. మళ్ళీ అక్కడే టక్కుమంది.

ఓబులేసు కిందికి వంగాడు. తుప్పుపట్టి అంటుకుపోయి ఉంటే ఆ గోరంత కూడా కదలకూడదు. పొద్దుటినుంచీ కొడుతున్నాడు గానీ ఈ సంగతి చూడలేదు. కోపం ఎటు పోయిందో, ఇప్పుడు లోపల ఏముందో తెలుసుకోవాలని ఒకటే ఆత్రం.

"లోపల ఏదో పట్టుకున్నట్టుంది సామీ. ఏమై ఉంటాది?"

"నన్నడిగితే? వారం వారం కిందికి దూరేది నువ్వు. ఎప్పుడన్నా దాన్ని వెనక్కి తిప్పినావా?"

"వెనక్కా?" ఓబులేసుకు నిజంగానే అర్థం కాలేదు. "ఎందుకు సామీ?"

గురువుగారు స్క్రూడ్రైవరు తీసి అతని చేతికిచ్చారు.

ఓబులేసు బండికింద వెల్లకిలా పడుకున్నాడు. బెజ్జంలో స్క్రూడ్రైవరు పెట్టి వెనక్కి నెట్టాడు. ముందుకు తప్ప తిరగడం ఎరగని చక్రం అది, మొండికేసింది. ఇంత నూనె వేసి, కాసేపు ఆగి, మళ్ళీ నెట్టాడు. ఒక పన్ను కదిలింది.

"నామం వినపళ్ళేదే?" పైనుంచి గురువుగారి గొంతు.

"ఇది వదులు చేసేది కదా సామీ."

"అయితే?"

ఓబులేసు స్క్రూడ్రైవరు మళ్ళీ బెజ్జంలో పెట్టాడు.

"నమశ్శివాయ" అన్నాడు. ఇంకో పన్ను తిప్పాడు. భయమేసింది. కష్టపడి కూడబెట్టుకున్న సోమవారాలు ఒక్కొక్కటే చెయ్యిజారిపోతున్నట్టు దిగులేసింది. నామం చెబుతూనే ఉన్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిరసనాయిలు పడిందని చెబుదామనుకున్నాడు గానీ ఎవరూ అడగలేదు.

బయటికొచ్చి డ్రమ్మును రెండు చేతులా పట్టుకున్నాడు. అది సుఖంగా ఊడి ఒళ్ళోకి వచ్చింది.

"ఇంతేనా?" అంది సుంకులమ్మ.

ఓబులేసు డ్రమ్మును వెలుతురుకు తిప్పాడు. లోపల షూలు రాసి రాసి లోతుగా గాడి పడింది. రాపిడి తగలని అంచు గట్టులా మిగిలిపోయింది. బిగించిన కొద్దీ షూలు ఆ గాడిలోకి దిగాయి. లాగిన కొద్దీ గట్టుకు తగులుకున్నాయి. అతను గట్టు వెంట వేలు పెట్టి చుట్టూ ఒకసారి నడిపాడు.

"ఇదంతా నేను చేసిందేనా సామీ?"

"అరిగేది ఎట్లయినా అరుగుతాది. నువ్వు త్వరపెట్టినావు."

ఆకురాయి తెచ్చి గట్టును అరగదీశారు. నల్లటి పొడి దులిపారు. కొత్త షూలు వేసి డ్రమ్ము ఎక్కించారు. రెండో చక్రం దగ్గర ఓబులేసు సమ్మెట ఊసే ఎత్తలేదు, నేరుగా కిందికి దూరి వదులు చేశాడు. దానికీ కొత్త షూలు పడ్డాయి.

"ఇప్పుడు డ్రమ్ము తిరక్కుండా బిగించు" అన్నారు గురువుగారు.

బిగించాడు. ఈ పనిలో అతనికి చెయ్యి తిరిగింది.

"ఇంక వదులు చెయ్యి."

"ఎన్ని పళ్ళు సామీ?"

గురువుగారు డ్రమ్మును తిప్పుతూ చెవి చూపించారు. ఓబులేసు ఒక పన్ను వదిలాడు. గరగర. ఇంకోటి వదిలాడు. రాపిడి సన్నబడింది. మరొకటి. చెవి ఆనించి వింటే గానీ తెలియనంత చిన్న చప్పుడు మిగిలింది. గురువుగారు ఆగమంటారేమోనని చూశాడు. ఆయన ఎటో చూస్తున్నారు.

"చాలు సామీ" అన్నాడు ఓబులేసు, తనంతట తానే. చాలు అనే మాట తన నోట వచ్చి ఎంతకాలమైందో అతనికే గుర్తులేదు.

ట్యాంకు నిండింది. సుంకులమ్మ బిందె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూచుంది. లారీ ఈసారి మొరాయించకుండా కొండెక్కింది. ఎగువపల్లెలో జనం బిందెలతో ఎదురొచ్చారు. అందరికంటే ముందు సుంకులమ్మ ఇంటికి నీళ్ళు పోయాయి. కాసేపటికి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు, వేణ్ణీళ్ళు పోస్తున్న చప్పుడు వినపడ్డాయి. ఓబులేసు ఆ ఏడుపు వింటూ గుమ్మం బయట కూచున్నాడు. హాయిగా అనిపించింది.

సుంకులమ్మ పళ్ళెంలో రాగిసంగటి, వేరుశనగ పచ్చడి తెచ్చి ముందు పెట్టింది.

"ఈరోజు సోమవారమమ్మా."

"పొద్దుటినుంచి ఇనుముతో కొట్లాడినావు. తిని దిగు, మలుపులున్నాయి."

సంగటి ముద్దవైపు చాలాసేపు చూశాడు. తర్వాత తిన్నాడు. ఉప్పు సమంగా ఉంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

సాయంత్రానికి లారీ మఠం చేరింది. ఓబులేసు దిగి, వెనక్కి పోయి, చక్రం దగ్గర వాసన చూశాడు. మాడు వాసన లేదు. డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది.

గురువుగారు అరుగుమీదినుంచి అడిగారు. "ఎట్లుంది నాయనా బ్రేకు?"

ఓబులేసు డ్రమ్ము మీంచి చెయ్యి తీశాడు.

"కాలు పెడితే పట్టుకుంటాంది సామీ" అన్నాడు. "తీస్తే వదిలేస్తాంది."