గవరయ్య గిట్టలో ముల్లు

గోదారి లంకలో పచ్చిక దండిగా ఉండే చోట గవరయ్య అనే పొట్టేలు, సింగారమ్మ అనే గేదె మేసేవి. పున్నమి వెళ్లిన మర్నాడల్లా పిచ్చెమ్మ అనే గోరింక వచ్చి వాటి చెవులూ పళ్లూ గిట్టలూ చూసి వెళ్లేది. ఏమైనా ఉంటే ముక్కుతో తీసేది. లేకపోతే ఏమీ లేదని చెప్పి ఎగిరిపోయేది.

ఒక ఉదయం జోగులు అనే నక్క ఇసుకలో గవరయ్య అడుగుజాడలు వాసన చూసింది. కుడి ముంగాలి జాడలో సన్నగా చీము వాసన తగిలింది. జోగులు మూతి తుడుచుకుని పొట్టేలుకు కాస్త దూరంలో కూర్చుంది.

"బావగారూ, ఆ పిచ్చెమ్మకు కాళ్లు చూపిస్తారట, నిజమేనా?"

"నెలకోసారి. అలవాటు."

"ఇలాంటి ఉక్కు కాళ్లు పెట్టుకుని పిట్టకు చూపించడమా? చూసేవాళ్లు మీకేదో రోగముందనుకుంటారు."

గవరయ్యకు ఆ మాట నచ్చింది. ఈసారి పిచ్చెమ్మ వస్తే, "నాకేం నొప్పి లేదు, వెళ్లు," అంది.

"నొప్పి వచ్చాక నాతో పనేముంది? నీకే తెలుస్తుంది," అని పిచ్చెమ్మ గేదె వీపెక్కి, చెవిలో పిడుదులు ఏరడం మొదలెట్టింది.

సింగారమ్మ నెమరు ఆపింది. "అల్లుడూ, కాళ్లు చూపించొద్దని నీకెవరు చెప్పారు?"

"జోగులు. ఉక్కు కాళ్లన్నాడు."

"కొమ్ముల మాటేమైనా ఎత్తాడా?"

"లేదత్తా."

"నీ కొమ్ములకు జడిసి ఇన్నేళ్లూ దూరంగా తిరిగినవాడు నీ కాళ్లనే ఎందుకు పొగిడాడు?"

గవరయ్య నములుతున్న గడ్డి వదిలేసింది. పిచ్చెమ్మ దగ్గరికి వచ్చి కాలు ముందుకు పెట్టింది.

పిచ్చెమ్మ గిట్టల సందులో ముక్కు పెట్టి చూసింది. లోపల తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ అప్పుడే చీము పడుతోంది.

"ఇది వచ్చే పున్నమి దాకా ఉంటే?" అని అడిగింది గవరయ్య.

"కాలు నేల మీద ఆనేది కాదు. పరిగెత్తడం మాట దేవుడెరుగు."

ముల్లు తీస్తున్నంతసేపూ గవరయ్య ఆకాశం వైపు చూసింది. ఆ తర్వాత సింగారమ్మ చెప్పినట్టు రోజూ రేవులో కాలు కడుక్కుని, ఎక్కువ నడవకుండా ఒక్కచోటే మేసింది. గాయం మానిపోయింది.

జోగులు మాత్రం, ముల్లు తీసిన సంగతి తెలియక, దూరంగా రెల్లుపొదలోంచి చూస్తూనే ఉంది. పొట్టేలు కదలకపోవడం చూసి పని పూర్తయిందనుకుంది. సింగారమ్మ నీళ్లలోకి దిగిన సమయం చూసుకుని నింపాదిగా బయటికొచ్చింది.

"ఏం బావగారూ, నడవలేకపోతున్నారా?"

"నడవబుద్ధి కావడం లేదు," అంది గవరయ్య.

"పోనీ పరిగెత్తగలరా?"

"చూడాలి."

జోగులు పొట్టేలు మెడ మీదికి దూకింది. గవరయ్య రెండడుగులు వెనక్కి వేసి, నాలుగు కాళ్లూ నేలకు తన్ని ఎదురొచ్చింది. కొమ్ములు నక్క డొక్కలో దిగాయి. జోగులు గాల్లోకి లేచి, గట్టు దాటి, కాలు విరిగేలా బురదలో పడింది.

నీళ్లలోంచి సింగారమ్మ తల తిప్పి చూసింది. "కాలెలా ఉంది అల్లుడూ?"

"బాగానే ఉందత్తా."

ఆ ఏడంతా జోగులు ఎండ్రకాయలు తిని బతికింది. వాటిని పట్టడానికీ కుంటుకుంటూనే వెళ్లేది.

నీతి: ఒంట్లో దాగిన రోగం నొప్పిగా మారక ముందే చూపించుకున్నవాడు, శత్రువు కన్నా ఒక అడుగు ముందుంటాడు.