కొండ కింద మెత్తని నేల

గొడుగుకొండ అడవిలో ఉదయం ఐదున్నరకు ఒంటినిండా పొలుసులున్న ఒక అలుగు చీమల కోసం నేల తవ్వుతోంది. దాని పేరు పొలుసమ్మ. కొండ అడుగున విశాలమైన పచ్చికబయలు ఉంది. అక్కడ అడవిదున్నల మంద, చుక్కల జింకలు మేసేవి. అంచున చెట్ల మీద కొండముచ్చులు ఉండేవి. బయలు దాటితే వాగు, వాగు అవతల రాతి మిట్ట. మిట్ట మీద గడ్డి తక్కువ, ముళ్ళు ఎక్కువ.

ఆ రోజు పొలుసమ్మకు చీమలు దొరకలేదు. మూరెడు లోతున గోళ్ళకు రాయి తగిలింది. పక్కకు జరిగి తవ్వింది. అక్కడా రాళ్ళే. రాళ్ళ మధ్య నలిగిన చెట్టు మొద్దు ఉంది. మొద్దు కింద ఒక జింక కొమ్ము ఉంది. ఇంకా లోతుకు పోతే నల్లటి పాత మట్టి వచ్చింది. ఆ మట్టి కింద మళ్ళీ రాళ్ళు, మళ్ళీ విరిగిన మొద్దులు.

పొలుసమ్మ గొయ్యిలోంచి పైకి వచ్చి కొండ వైపు చూసింది.

తర్వాత కొన్నాళ్ళు అది ఇదే పని మీద తిరిగింది. బయలు మధ్యలో తవ్వింది. వాగు ఒడ్డున తవ్వింది. రెండు చోట్లా అదే వరస. వాగు అవతల తవ్వితే మాత్రం అలాంటి రాళ్ళు లేవు. కొండ ఎక్కి చూస్తే సగం ఎత్తులో నేల నెర్రె విచ్చి ఉంది. నెర్రెకు అటొకటి, ఇటొకటి పుల్లలు గుచ్చి వచ్చింది. వేసవి అంతా పుల్లలు కదలలేదు. తొలి వాన పడ్డాక వెళ్ళి చూస్తే ఒకదానికొకటి దూరం జరిగాయి.

పొలుసమ్మ జంతువులన్నిటినీ మొదట తవ్విన గొయ్యి దగ్గరికి పిలిచింది.

"కొండ రెండుసార్లు విరిగి పడితే ఈ బయలు ఏర్పడింది. మనం దాని మీదే మేస్తున్నాం, దాని మీదే పడుకుంటున్నాం. ఈసారి పడినా ఇక్కడికే వస్తుంది. వానలు ముదరక ముందే మిట్ట ఎక్కుదాం," అంది.

చుక్కి అనే తల్లి జింక గొయ్యిలోకి తొంగిచూసింది. ఆ కొమ్ము కనబడగానే తన పిల్లకు అడ్డంగా వచ్చి నిలబడింది.

దున్నల మందకు పెద్ద గంభీరుడు. ఏటా వేసవిలో అతను కొండను కొమ్ములతో కుమ్మి చూసేవాడు. రాయి దొర్లకపోతే ఆ ఏడాది భయం లేదని చెప్పేవాడు. అడవి అంతా ఆ మాట నమ్మేది. అతను కదలనిదే మందలో దూడ కూడా కదలకూడదని కట్టుబాటు.

"మొన్ననే కుమ్మాను. గులకరాయి కూడా రాలలేదు," అన్నాడు గంభీరుడు.

"మీరు కుమ్మింది ఎండిన కొండను, పెద్దయ్యా. పడేది తడిసిన కొండ."

"అయితే ఏ రోజు పడుతుందో చెప్పు."

"రోజు చెప్పలేను. ఈ ఏడు కావచ్చు, పదేళ్ళకు కావచ్చు. ఎక్కడిదాకా వస్తుందో చెప్పగలను. వాగు దాకా."

"రోజు తెలియదట, భయపడాలట!" గంభీరుడు మంద వైపు తిరిగి నవ్వాడు. మంద కూడా నవ్వింది.

కొమ్మ మీద నుంచి ఒక కొండముచ్చు అరిచింది: "అలుగమ్మా, భయం వేస్తే నువ్వు ఉండలా చుట్టుకుంటావు. మమ్మల్నీ చుట్టుకోమంటావా ఏంటి?"

"రెండు పుల్లలు చూసి పారిపోయే దున్నను కాను నేను. నేను మిట్ట ఎక్కిన రోజు ఈ కొమ్ములు చూసి దూడలు కూడా నవ్వాలి," అన్నాడు గంభీరుడు.

అందరూ వెళ్ళిపోయాక చుక్కి అడిగింది.

"అక్కా, నిజంగా పదేళ్ళు పట్టొచ్చా?"

"పట్టొచ్చు."

"పదేళ్ళూ నా పిల్ల ముళ్ళు నమలాలా?"

"అక్కర్లేదు. నెర్రె కదులుతున్నది వానకే. వానలున్నన్నాళ్ళు మిట్ట మీద ఉందాం. ఎండలు వచ్చాక దిగి మేద్దాం."

ఆ సాయంత్రం జింకలన్నీ దాని వెనక వాగు దాటాయి. వాన పట్టుకుని వదలకపోయేసరికి కొండముచ్చులు కూడా ఎవరికీ చెప్పకుండా మిట్ట మీది చెట్లలోకి చేరాయి. దున్నలు మాత్రం బయల్లోనే ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఎండ కూడా వచ్చింది. దున్నలు తలలు వంచి మేస్తున్నాయి. జింకలు మిట్ట మీద నుంచి చూస్తున్నాయి.

ముందు వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత కొండ మీది చెట్లు కదిలాయి. కూలలేదు. నిలబడే కిందికి నడిచాయి. చుక్కి గట్టిగా అరిచింది. ఆ తర్వాత వచ్చిన శబ్దంలో దాని అరుపు దానికే వినబడలేదు.

రొద అణిగాక చూస్తే బయలు లేదు. మంద లేదు. బురద వాగు దాటి మిట్ట పాదం దాకా వచ్చి ఆగింది. వాగు దగ్గరే ఆగుతుందన్న పొలుసమ్మ అంచనా ఆ కాస్త మేర తప్పింది. మిట్ట పాదం దగ్గర అప్పుడు ఎవరూ లేరు.

పొలుసమ్మ, ముందే చెప్పానని అనలేదు. ఆ సాయంత్రం మిట్ట మీద ఎవరూ ఏమీ తినలేదు.

కొన్ని రోజులకు బురద గట్టిపడింది. వాగు దిగువ నుంచి ఒక దున్నపెయ్య కుంటుకుంటూ మిట్ట ఎక్కింది. నీళ్ళకు వెళ్ళి వరదలో కొట్టుకుపోయి బతికింది. మందలో మిగిలింది అదొక్కటే.

"అయ్యో తల్లీ, మీలో ఒక్కరైనా నమ్మలేదే!" అంది చుక్కి.

"అందరం నమ్మాం, పిన్నీ," అంది పెయ్య. "పెద్దయ్య కూడా నమ్మాడు. ఆ రోజు పొద్దున్నే ఒక్కడే కొండెక్కి నెర్రె చూసి వచ్చాడు. మేం ఇప్పుడే పోదామంటే ఒప్పుకోలేదు. పైనుంచి మీరంతా చూస్తున్నారు, చీకటి పడ్డాక వాగు దాటుదాం అన్నాడు."

నీతి: ఏ రోజు వస్తుందో తెలియదని ప్రమాదాన్ని కొట్టిపారేయకూడదు. పొరపాటు పడ్డామని తెలిశాక, నలుగురూ చూస్తారని దిద్దుకోవడం వాయిదా వేయకూడదు.