జంపఖానాల నూకాలు

అనగా అనగా, సముద్రం ఇంకా బజారు దాకా వచ్చిపోయే రోజుల్లో, ఒక పట్నం. ఆ పట్నంలో రేవు వెనకాల ఒక రేకుల హాలు. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. ఎప్పటి మాటని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు.

ఆ హాలుకి ముగ్గురు వచ్చారు. క్లారినెట్ ఊదే జకరయ్య. డప్పు మొదలు డబ్బా దాకా ఏది దొరికితే అది కొట్టే మస్తాన్. ఫిడేలు గీసే శేషారత్నం. జకరయ్య మొదట్లో పెళ్ళిబ్యాండులో ఊదేవాడు. ఒకరోజు ఓడవాళ్ళు తెచ్చిన రికార్డులో జాజ్ అనే సంగీతం విన్నాడు. అంతే, బుర్ర తిరిగిపోయింది. ఇక ఎవరూ అడగని పాటే ఊదుతానని బ్యాండు మానేశాడు. మిగతా ఇద్దరూ అతనికి తగ్గవాళ్ళే. ముగ్గురూ కలిసి వాయిస్తే పల్లవి ఉండదు, చరణం ఉండదు, తాళం ఉందో లేదో మస్తాన్‌కే తెలియాలి. కొందరు చెవులు మూసుకునేవారు. కొందరికి మాత్రం మెలకువగా ఉండి కల కంటున్నట్టు ఉండేదట.

హాలు ఆసామి అప్పారాయుడు ఉల్లిపాయల వ్యాపారి. మంచివాడే కాని మహా తొందర మనిషి, అన్నం కూడా నిలబడే తినేవాడు. ముగ్గురినీ పిలిచి చెప్పాడు: "ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాది ఇస్తున్నాను. ఈలోగా ఒక్క మనిషంటే ఒక్క మనిషి మీ గోల చివరిదాకా కూర్చుని వినాలి. వింటే హాలు మీరే వాడుకోండి. లేకపోతే నా బస్తాలు దింపుకుంటాను."

వాళ్ళకి ఆ పట్నంలో ఇంకో చోటు లేదు. ఇళ్ళల్లో వాయించబోతే ఇంటివాళ్ళు గెంటేశారు. ఈ హాలు కూడా పోతే ఆ సంగీతం అక్కడితో సరి. అందుకని ఒప్పుకున్నారు.

ఆ హాల్లో జంపఖానాలు పరిచి, జనం వెళ్ళాక దులిపి చుట్టిపెట్టే మనిషి నూకాలు. చదువు లేదు, పాట రాదు. ఆవిడ జోలపాట పాడితే పడుకున్న పిల్లలు లేచి కూర్చునేవారట.

రోజూ మధ్యాహ్నం కచేరీ. జకరయ్య ఊదేవాడు, మస్తాన్ కొట్టేవాడు, శేషారత్నం గీసేది. వింతగా ఉందని పదిమంది వచ్చేవారు, ఒక్కొక్కరే జారుకునేవారు. వాళ్ళననేం లాభం? ఆ సంగీతానికి చివర ఎక్కడో వాయించేవాళ్ళకే తెలియదు. ఆగిందనుకుని ఎవరైనా చప్పట్లు కొడితే మళ్ళీ మొదలయ్యేది. నూకాలు మాత్రం కదిలేది కాదు. జంపఖానాలు చుట్టకుండా ఇంటికెలా వెళ్తుంది?

మొదటిసారి వానాకాలంలో జరిగింది. ముగ్గురూ ఒళ్ళు మరిచి వాయిస్తున్నారు. నూకాలు లేచింది, జంపఖానా కొస పట్టుకుని చుట్టడం మొదలెట్టింది. జకరయ్యకి ఒళ్ళు మండింది.

"ఏం నూకాలూ, మేం వాయిస్తుంటే కనబడ్డం లేదా?"

"అయిపోనాది కదా బాబూ?" అంది నూకాలు, ఆశ్చర్యంగా.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే. పాట ఎప్పుడో అయిపోయింది. చేతులే ఆగలేదు.

రెండోసారి చలికాలంలో. ఆరోజు ముగ్గురూ వాయిద్యాలు దించేశారు. నూకాలు లేవలేదు.

"చుట్టవా?" అంది శేషారత్నం.

"ఇంకా ఉన్నాదమ్మా," అంది నూకాలు.

శేషారత్నం నవ్వి, సరదాకి ఫిడేలు ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించలేకపోయింది. ఆ మధ్యాహ్నం తీగ మీంచి వచ్చిన నాదం తన జన్మలో మళ్ళీ రాలేదని ముసలితనంలో కూడా చెప్పుకునేదట. అప్పటి నుంచి ముగ్గురూ నూకాలు లేచేదాకా వాయించేవారు. నూకాలు లేస్తే ఆపేవారు.

ఏడాది ముగింపుకొచ్చింది. ముగ్గురూ ఆసామి దగ్గరికి వెళ్ళి, నూకాలు రోజూ చివరిదాకా వింటోందన్నారు.

"హాలు మనిషిని లెక్కలోకి తీసుకోను. అది దాని పని," అన్నాడు అప్పారాయుడు.

గుమ్మం దగ్గరున్న నూకాలు ఆ మాట విని కొంగు దోపుకుంది. "అలాగైతే నాను పని మానేస్తన్నాను బాబూ. రేపు ఇనడానికే వస్తాను."

తెల్లారితే గడువు ఆఖరి రోజు. పందెం చూద్దామని హాలు నిండా జనం. బయట ఉల్లిబస్తాల బళ్ళు సిద్ధం. నూకాలు తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఏడాది పొడుగునా తను పరిచిన జంపఖానా మధ్యలో మొదటిసారి కూర్చుంది.

జకరయ్య ఊదాడు, మస్తాన్ కొట్టాడు, శేషారత్నం గీసింది. కాని ఆరోజు ముగ్గురికీ భయం. ఎప్పుడెప్పుడు గట్టెక్కుదామా అన్న భయం. ఎండ కిటికీలోంచి గోడ మీదికి ఎక్కకముందే గబగబా ఆపేసి, లేచి దణ్ణం పెట్టేశారు.

"అయిందా?" అన్నాడు అప్పారాయుడు.

"అయింది," అన్నారు ముగ్గురూ.

నూకాలు లేవలేదు.

"ఏటే నూకాలూ, అయిందా?"

నూకాలు ముగ్గురి వైపూ చూసింది. ముగ్గురూ కళ్ళతోనే బతిమాలుతున్నారు. ఊఁ అంటే చాలు, హాలు దక్కుతుంది. పాపం ఆ మనిషి ఎంత నలిగిపోయిందో.

"అవ్వనేదు బాబూ," అంది చివరికి. "మీకు అబద్ధం సెప్పొచ్చు గాని, పాటకి సెప్పలేను. ఇంకా ఉన్నాది."

"వాళ్ళు ఆపేశారు, నువ్వేమో అవలేదంటున్నావు. అయితే చివర ఎవరూ విననట్టేగా! బస్తాలు దింపండ్రా!"

నూకాలు చెయ్యెత్తింది. "ఉండండి బాబూ. మీరూ ఇనండి."

అప్పారాయుడికి ఎదురు చెయ్యెత్తినవాళ్ళు ఆ పట్నంలో అంతవరకూ లేరు. ఆ విస్మయానికి కాబోలు, కూర్చున్నాడు. ముగ్గురూ వాయిద్యాలు ముట్టలేదు. ముట్టుకుంటే ఏదో పాడైపోతుందనిపించింది.

మొదట ఏమీ లేదు. తర్వాత బళ్ళ దగ్గర ఎద్దు తల విదిలించింది, గంట మోగింది. రేవులో ఓడ కూత వేసింది, జకరయ్య ఊది వదిలేసిన స్వరంలోనే. ఎండ దిగుతుంటే పైన రేకులు చల్లబడి టక్కు, టక్కుమన్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. మస్తాన్ కళ్ళు మూసుకున్నాడు. ఆ చప్పుళ్ళ కింద సముద్రపు హోరు. అది పొద్దున్నుంచీ ఉంది, ఎవరూ వినలేదు. ఇంత ఉందా, ఇంత ఉందా అనుకుంటూ జనం ఊపిరి బిగబట్టి విన్నారు. తొందర మనిషి అప్పారాయుడు మెడ ముందుకు చాచి విన్నాడు. ఒక్కరు కూడా లేవలేదు.

ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. చివరికి నూకాలు మోకాలి మీద చెయ్యేసి లేచింది. జంపఖానా కొస పట్టుకుంది.

"ఇప్పుడు అయినాది," అంది.

అప్పారాయుడు బయటికి వెళ్ళి బళ్ళు వెనక్కి తిప్పమన్నాడు. ఎందుకని అడిగితే, "నేను చివరిదాకా విన్నాను," అన్నాడట, సిగ్గుపడుతూ.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి నూకాలు మంచం పట్టింది. ఒకరోజు వైద్యుడు చెయ్యి పట్టుకు చూసి, అయిపోయిందన్నాడు.

"ఉండండి," అన్నాడు జకరయ్య. "అయిందో లేదో మాకు చెప్పే మనిషే ఆవిడ."

ముగ్గురూ నూకాలు పడుకున్న చాప పక్కన కూర్చున్నారు. జకరయ్య లేవలేదు, మస్తాన్ లేవలేదు, శేషారత్నం లేవలేదు. లేవడం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు మరి. అప్పారాయుడు కర్ర పొడుచుకుంటూ వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. చాలాసేపు విన్నాడు. ఆ తర్వాత ఆయనే లేచి, చాప కొస పట్టుకున్నాడు. అప్పుడు ముగ్గురూ ఏడ్చారు.

ఇప్పటికీ ఆ హాల్లో కచేరీ ఆగగానే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఊరికే కూర్చుంటారు. అయిందని ఎవరికి అనిపిస్తే వాళ్ళు లేచి జంపఖానా కొస ఎత్తుతారు. అదే చప్పట్లు.

ఆ పట్నంలో ఇంకో మాట కూడా ఉంది. అన్నదమ్ములు పోట్లాడుకుని, మనకీ మనకీ ఇక అయిపోయిందంటూ గుమ్మం దాటబోతే, ఇంట్లో పెద్దవాళ్ళు అరవరు, ఆపరు. మెల్లిగా అడుగుతారు, "నూకాలు లేచిందా?" అని.

చాలామంది వెనక్కి వచ్చి కూర్చుంటారట.